చోటుంది, దిగు

అనగా అనగా, గోదారి రెండు పాయలుగా విడిపోయే చోట కొంగలంక అని ఒక ఊరు. అటు చూస్తే నీళ్ళు, ఇటు చూస్తే నీళ్ళు, పైకి చూస్తే కొబ్బరాకులు. ఆ ఊరివాళ్ళు నిండుగా ఆకాశం చూడాలంటే పడవెక్కి ఏటి మధ్యకు పోవాల్సిందే.

ఆ ఊళ్ళో అప్పాయమ్మ అని ఒకావిడ ఉండేది. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుకుని బతికేది. వెనకా ముందూ ఎవరూ లేరు, తమ్ముడు మావుళ్ళు తప్ప. తల్లి పోతే తనే తల్లయి వాణ్ణి పెంచింది. ఉన్న ఆస్తల్లా ఒక పెద్ద వాకిలి, వాకిలి మధ్యలో మూడు కొబ్బరి చెట్లు. ఒక చెట్టు కాయలు వాడి తిండికి, ఒక చెట్టు కాయలు వాడి బట్టకి, ఒక చెట్టు కాయలు వాడి చదువుకి.

వాడు పెద్దవాడై మిలట్రీలో చేరాడు. విమానం నడపడం నేర్చాడు. ఒకసారి సెలవుకి వచ్చి, తిరిగి వెళ్తూ రేవులో అన్నాడు.

“అక్కా, ఎప్పుడో ఒకప్పుడు ఆకాశంలోంచి నీ వాకిట్లోనే దిగుతాను. చేపల పులుసు కాచి ఉంచు.”

ఇంకొకరైతే నవ్వేసి ఊరుకునేవాళ్ళు. అప్పాయమ్మ నమ్మింది.

మావుళ్ళు తోలేది జెట్టు విమానం. దాని ముందు గద్ద కూడా నత్తే. ఒకనాడు లంక మీద భూమి అదిరేలా మోత వినిపించింది. అప్పాయమ్మ పేనుతున్న తాడు వదిలేసి వాకిట్లోకి పరుగెత్తింది. ఆకుల సందులోంచి చూస్తే ఏముంది, తెల్లటి పొగ గీత. వచ్చాడు, ఆగలేదు. రెండోసారి పొద్దున్నే వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. మోత వచ్చిన వైపు చూసింది. మోత వెనకుంటే మనిషి ముందుంటాడాయె. వచ్చాడు, ఆగలేదు. మూడోసారి పడవ మాట్లాడుకుని ఏటి మధ్యకు పోయింది. ఒక్క మెరుపు మెరిసి మాయమైంది. వచ్చాడు, ఆగలేదు. ఆ విమానాలు తోలింది మావుళ్ళేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె మనసుకి మాత్రం మూడుసార్లూ వాడే.

ఆ తర్వాత కష్టం మీద నాలుగు రోజులు సెలవు దొరికి, వాడు పడవలోనే వచ్చాడు. అన్నం వడ్డిస్తూ అడిగింది.

“ఆ బండి ఆగదేంట్రా?”

“ఆగితే పడిపోద్దక్కా.”

“ఆగేది లేదా మీ కాడ?”

“ఉంది. హెలికాప్టరు. గాల్లో ఉన్నచోటే నిలబడుద్ది. వరదొస్తే తాడేసి జనాన్ని పైకి లాగుద్ది.”

“తాడా?” అప్పాయమ్మ మొహం వెలిగింది. “అయితే అదే తోలరా నాయనా. తాడంటే మనదేగా.”

మావుళ్ళు పోయి పైవాళ్ళని అడిగాడు. గుర్రం దిగి గేదెనెక్కుతావా అని సాటివాళ్ళు ఆటపట్టించారు. వాడు ఎక్కాడు. ఎన్ని వరదలకి పోయాడో, ఎందరిని లాగాడో, మళ్ళీ సెలవన్న మాటే లేకుండా పోయింది.

అలా ఉండగా గోదారి పొంగింది. కొంగలంక జనమంతా బడి డాబా ఎక్కి కూర్చున్నారు. తిండి లేదు, తడవని గుడ్డ లేదు. అప్పుడు కొబ్బరాకులు చెదరగొడుతూ హెలికాప్టరు వచ్చి నడినెత్తిన నిలబడింది. అద్దం వెనక మావుళ్ళు. వచ్చాడు, ఆగాడు. అప్పాయమ్మ రెండు చేతులూ ఎత్తి ఊపింది. వాడు చెయ్యి ఊపలేదు.

తాడు దిగింది. ఒక్కొక్కరినే లాగాలి. మొదటిసారి పిల్లతల్లులు పోయారు. రెండోసారి ముసలివాళ్ళు పోయారు. మూడోసారికి అప్పాయమ్మ ఎక్కింది, ఎక్కే ముందు తాడు పేట తడిమి చూసుకుని మరీ. లోపలికి చేరాక తమ్ముడి వీపు కనిపించింది. వాడు వెనక్కి తిరగలేదు.

గట్టు మీద దించాక, రెక్కల మోతలో గొంతు చించుకుని అడిగింది.

“చెయ్యి కూడా ఊపలేదేరా?”

“నా చెయ్యి కదిలితే తాడు మీద మనిషి గోడకి కొట్టుకుంటాడక్కా.”

“మరి మన వాకిట్లో దిగుతానన్నావు?”

“చోటేదక్కా? అన్నీ చెట్లే. చోటుంటే నీళ్ళెక్కకముందే దించి, గుంపులు గుంపులుగా ఎక్కించుకునేవోణ్ణి.”

అంతే. ఇంకో లంకలో జనం ఉన్నారని లేచిపోయాడు.

వరద తీశాక అప్పాయమ్మ గొడ్డలివాణ్ణి పిలిపించింది. మూడు చెట్లూ కొట్టించింది. కాపు మీదున్న చెట్లు కొట్టిస్తావా, నీకు మతిపోయిందా అని ఊరంతా తిట్టింది. “నా తమ్ముడు దిగడానికి చోటు లేదన్నాడు” అంది. మొదళ్ళు పెళ్ళగించి, మట్టి కొట్టి, పేడతో అలికి, పై నుంచి కనబడేలా గుండ్రంగా పెద్ద ముగ్గు వేసింది. పులుసు కాచింది. ఎదురు చూసింది.

వాడు రాలేదు. సముద్రం వైపు నుంచి జాలర్లు ముగ్గురు వచ్చారు.

“తుపానులో మా పడవ మునిగిపోతుంటే మీ తమ్ముడు మమ్మల్ని లాగి ఒడ్డున దించాడమ్మా. మిగిలినోళ్ళ కోసం మళ్ళీ పోయాడు. ఇంక రాలేదు.”

అప్పాయమ్మ ఏడ్చింది. ఏరు ఆగి వింటుందేమో అన్నంతగా ఏడ్చింది. తర్వాత ఆ ముగ్గురికీ అన్నం పెట్టి పులుసు పోసింది. తెల్లారి లేచి మళ్ళీ ముగ్గు వేసింది.

“ఇంకెవరి కోసమే? మొక్కలు పెట్టుకో” అన్నారు అమ్మలక్కలు.

“చోటుండనీండి. ఎవరికో అక్క ఉంటాది, ఆళ్ళ తమ్ముడైనా దిగుతాడు.”

బతికినన్నాళ్ళూ ముగ్గు మానలేదు. ఆమె పోయాక ఊరివాళ్ళు మానలేదు.

చాలా ఏళ్ళకి గోదారి మళ్ళీ పొంగింది. తెల్లారేసరికి నీళ్ళు ఊరి అంచుకొచ్చాయి. ఎవరో తెలియని కుర్రాడు హెలికాప్టరు తోలుకొచ్చాడు. ఆకుల మధ్య ఆ గుండ్రటి చోటు చూశాడు. దించాడు. తాడు అక్కర్లేకుండా, మూడంటే మూడు విడతల్లో, నీళ్ళు వాకిట్లోకి వచ్చేలోపు ఊరు ఊరంతా గట్టెక్కింది. ఆఖరి విడతకి ముందు ఆ కుర్రాడు కిందికి దిగి, అప్పాయమ్మ వాకిట్లో కాసేపు నిలబడ్డాడు. ఎవరు చేశారీ చోటు అని అడిగాడు. చెప్పారు. నల్ల కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పటికీ కొంగలంకలో ఆ వాకిట్లో మొక్క నాటరు, గడ్డిమేటు వెయ్యరు, ఇల్లు కట్టరు. తమ మనిషి దూరాన ఉన్న ఇంటివాళ్ళు వచ్చి ముగ్గు వేసి పోతారు. ఆకాశంలో మోత వినబడితే పిల్లలు మోత వైపు చూడరు, దానికి ముందుకు చూస్తారు. తోలేవాడు తిరిగి చెయ్యి ఊపలేదని చిన్నబుచ్చుకోరు. గొంతెత్తి ఒక్కటే మాట అంటారు.

“మావుళ్ళు మావా, చోటుంది, దిగు.”