గాటు పెట్టిన పుచ్చకాయ

నరహరికి ఆ పూట కాలు నేల మీద నిలవడం లేదు. వచ్చే ఏడు ఏ బ్యాంకు లాభాల్లో ఉంటుందో, ఏది నష్టపోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి ముందే చెప్పే న్యూరల్ నెట్‌వర్క్ తయారు చేశాడు. దానికి నియమాలేవీ చెప్పక్కర్లేదు. పాత లెక్కలు చూసి చూసి తనంతట తానే నేర్చుకుంటుంది. గడిచిన ఏళ్ల మీద పరీక్షిస్తే నూటికి తొంభైతొమ్మిది సరిగ్గా చెప్పింది.

మర్నాడే సెమినార్. బ్యాంకుల పెద్దలు వస్తున్నారు. వాళ్లకు నచ్చితే ఈ నెలతో ఆగిపోయే ఫెలోషిప్ ఇంకొన్నాళ్లు సాగుతుంది. లేదంటే పరిశోధన మూటగట్టుకుని ఇంటికి పోవాల్సిందే.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గైడు రజియా మేడమ్ ఇంటికి పరిగెత్తాడు. కర్నూలు ఎండ కూడా అతనికి తెలియలేదు. ఆవిడ తీరిగ్గా విని, నెట్‌వర్క్‌కి ఏమేం చూపించావని అడిగారు. డిపాజిట్లు, అప్పులు, మొండి బాకీలు, వాటాదారులకు పంచిన డివిడెండ్ అని గుక్కతిప్పుకోకుండా వల్లించాడు. డివిడెండ్ ఏ ఏటిదని అడిగితే, లాభం చెప్పాల్సిన ఏటిదేనన్నాడు. అది కలిపాకే తన నెట్‌వర్క్‌కి తెలివి వచ్చిందని గొప్పలు కూడా పోయాడు.

మేడమ్ లోపలికి వెళ్లి రెండు పుచ్చకాయలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకదానికి కొనేటప్పుడే కొట్టువాడు గాటు పెట్టి, ముక్క తీసి చూపించి, మళ్లీ అక్కడే దూర్చాడు.

"వీటిలో ఏది ఎర్రగా ఉంటుంది?"

నరహరి ఆ ముక్క లాగి చూశాడు. "ఇదే మేడమ్. అనుమానమే లేదు."

"భలే జోస్యం చెప్పావు నాయనా."

నరహరి నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. లాభమెంతో తేలాకే కదా బ్యాంకు డివిడెండ్ పంచేది!

అక్కడే నేల మీద చతికిలబడి ల్యాప్‌టాప్ తెరిచాడు. డివిడెండ్ తీసేసి, అంతకు ముందేటి లెక్కలు మాత్రమే ఉంచి, నెట్‌వర్క్‌కి మొదటినుంచీ నేర్పించాడు. ఈసారి నూటికి డెబ్బై దాటలేదు. పాపం, ముఖం పాలిపోయింది. ఫెలోషిప్ కళ్లముందే జారిపోతున్నట్టనిపించింది. అయినా ఊరుకోలేక ఒక్కో బ్యాంకూ చూసుకుంటూ పోయాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఈ రెండూ అందరూ బాగున్నాయనుకున్న బ్యాంకులు. నష్టాల్లో పడతాయని ఏడాది ముందే పట్టేసింది. ఇది నిజంగానే పట్టింది మేడమ్."

మేడమ్ గాటు లేని కాయను అతని వైపు దొర్లించారు. నరహరి దాన్ని ఎత్తి బరువు చూశాడు. వేలితో కొట్టి విన్నాడు. నేలకు ఆనిన చోట పసుపు మచ్చ చూశాడు.

"ఎర్రగా ఉండొచ్చు మేడమ్."

"రేపు సెమినార్‌లో కూడా ఆ 'ఉండొచ్చు' అన్న మాటే అను" అంటూ ఆవిడ కత్తి అతని చేతికిచ్చారు.