చిలకమ్మ దించిన జీపు

పాడేరు దగ్గర ఓ కొండమీది ఊళ్ళో బొంజుబాబు అనే జీపు డ్రైవరు ఉండేవాడు. వాడికి బండి నడపడం ఎంత బాగా వచ్చో, ఒకరి మాట వినడం అంత చేతకాదు.

ఆ కొండ దిగడానికి ఒకటే దారి. దారంటే మనం అనుకునే దారి కాదు. నిలువునా దిగుతుంది, ఎటు చూసినా బండరాళ్ళే. అందుకని అక్కడి డ్రైవర్లకి ఓ పద్ధతి ఉండేది. దిగుడు మొదట్లో బండి ఆపేవారు. జనమంతా దిగి నడిచేవారు. ఒకరు జీపుకి ఎదురుగా వెనక్కి నడుస్తూ, ఏ రాయి పక్కనుంచి చక్రం పోవాలో చెయ్యి ఊపి చెప్పేవారు. డ్రైవరు మొదటి గేరులో నత్తలాగా దిగేవాడు.

బొంజుబాబుకి ఇది నామోషీ. "నా బండి ఎక్కినవాడు నడిచి దిగితే ఇక నేనెందుకు?" అనేవాడు. ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. పాపం జనం దేవుడికి దణ్ణం పెట్టుకుని, కమ్మీలు పట్టుకుని కూర్చునేవారు.

ఒకసారి కొండకింద లాడ్జి నడిపే వరప్రసాదుగారు వచ్చారు. చలికాలమంతా టూరిస్టులని కొండ ఎక్కించి దించడానికి ఆయనకి ఓ జీపు కావాలి. "ముందు నన్ను క్షేమంగా దించు. పని సంగతి తరవాత మాట్లాడదాం," అన్నారు. ఆ పని దొరికితే, సంతరోజు కోసం వారమంతా ఖాళీగా ఎదురుచూసే బాధ బొంజుబాబుకి తప్పుతుంది. వాడు జీపుని రెండుసార్లు కడిగాడు.

వరప్రసాదుగారు తెల్లచొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. వెనకాల చిలకమ్మ ఎక్కింది. అరవై ఏళ్ళుగా ఆ దారిన కాలినడకన తిరిగిన మనిషి. సంతలో అమ్మడానికి కుండనిండా రాగి అంబలి ఒళ్ళో పెట్టుకుంది.

దిగుడు దగ్గరికి రాగానే ఆవిడ, "ఒరే నాయనా, బండి ఆపు. నిన్నటి వానకి రాళ్ళు కదిలాయి. నేను ముందు నడుస్తాను," అంది.

"ఈ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు మామ్మా," అన్నాడు బొంజుబాబు.

"దారి తెలుసురా. చక్రం ముందుకి ఏ రాయి వచ్చిందో సీట్లో కూర్చుంటే ఎలా కనపడుతుంది? బానెట్టు అడ్డం కదా?"

వరప్రసాదుగారు మెల్లిగా, "ఆవిడ చెప్పింది కూడా..." అనబోయారు.

"మీరు నిశ్చింతగా కూర్చోండి సార్," అని వాడు బండిని ముందుకి దూకించాడు.

నాలుగు బారలు దిగాడో లేదో, ముందు చక్రం ధబీమని గుంటలో పడింది. జీపు పొట్ట ఓ బండ మీద ఎక్కి కూర్చుంది. వెనక చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. అంబలి కుండ ఎగిరి వరప్రసాదుగారి నెత్తిన బోర్లపడింది. కళ్ళద్దాల మీంచి అంబలి కారుతున్నా ఆయన తుడుచుకోలేదు. కదిలితే బండి ఎటు ఒరుగుతుందోనని భయం.

సంతకి పోయేవాళ్ళంతా ఆగారు. "ఏం బొంజుబాబూ, బండ మీద గుడ్లు పొదుగుతున్నావా?" అని అడిగాడొకడు. బొంజుబాబుకి తల కొట్టేసినట్టయింది. పని చేజారిందని ఏడుపొచ్చింది. ఇక గత్యంతరం లేక, "మామ్మా, నువ్వే చెప్పు, ఎలా దించను?" అన్నాడు.

అందరూ దిగారు. నలుగురు దుంగ పెట్టి బండిని లేపి, చక్రాల కింద రాళ్ళు పేర్చారు. చిలకమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని ముందు నిలబడింది. "కుడికి. ఆగు. ఆగమన్నానా లేదా? ఇప్పుడు కొంచెం ఎడమకి." ఊళ్ళో ఎవరి మాటా వినని మనిషి ఆవిడ వేలు ఎటు తిరిగితే అటు తిరిగాడు. గంటసేపు పట్టింది కానీ, ఇంకో రాయి తగలకుండా కిందికి చేరారు.

వరప్రసాదుగారు జుట్టులోంచి రాగి ఉండ ఒకటి తీసి పారేశారు. "పని ఇస్తున్నాను, చిలకమ్మగారికి. డ్రైవరుగా ఎవరు ఉండాలో ఆవిడే చెబుతారు," అన్నారు.

బొంజుబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిలకమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది.

"ఆగమంటే ఆగుతావా?"

"ఆగుతాను మామ్మా."

"జనాన్ని దిగనిస్తావా?"

"నేనే దిగమని చెబుతాను."

"అయితే రేపట్నుంచి రా," అంది.

ఎంత పనిమంతుడికైనా తన ముందున్న రాయి తనకి కనపడని చోటు ఒకటుంటుంది. అక్కడ చూసి చెప్పేవాళ్ళ మాట వినడం నామోషీ కాదు, తెలివి.