తాబేలు పేరమ్మ, మూడో నంబరు కెమెరా

ఉప్పుటేరుకి ఈవలి గట్టున, జీడితోటలు మొదలయ్యే చోట, జంతువుల పంచాయతీ ఒకటుండేది. సర్పంచి ఎద్దు బంగారయ్య. ఏ మాట విన్నా ముందు బాగా నెమరు వేసి, పొద్దు వాలాక గానీ ఔననడు, కాదనడు. ఉపసర్పంచి నక్క గవర్రాజు. ఎద్దు నెమరు పూర్తయ్యేలోపు ఊరి పనులు సగం తనే చక్కబెట్టేసేవాడు; ఆ సగంలో సగం ఊరి పనులు కావు. కార్యదర్శి తాబేలు పేరమ్మ. నూటపదేళ్ల ముసలిది. ఊళ్లో అందరికీ మామ్మే. ఇల్లు వీపు మీద మోసుకు తిరిగే ప్రాణి కాబట్టి, ఇల్లంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ ఏడు లక్ష్మివారం సంతలో గుడ్లు మాయం కావడం మొదలైంది. బాతు బుట్ట దించి గొంతు తడుపుకొచ్చేలోపు రెండు పోయేవి. కౌజుపిట్ట అటు తిరిగి బేరమాడితే ఇటు మూడు పోయేవి. కాకి పనన్నారు. కాకి అగ్గి మీద ఒట్టేసింది. చివరికి సభలో గవర్రాజే లేచాడు.

"ఎన్నాళ్లండీ ఈ దొంగతనాలు? పట్నంలో చూడండి, స్తంభానికో సీసీ కెమెరా. మనమూ పెడదాం. ఊరి మూలమూలా చూద్దాం. తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?"

అందరూ తోకలు ఆడించారు. పేరమ్మ మాత్రం మెడ బయటికి చాచింది.

"తప్పు చెయ్యనివాళ్లు కూడా స్నానం చేస్తారు కదా నాయనా."

బురదగుంటలో కూర్చుని సభ వింటున్న గేదెలు ఆ మాటకి సిగ్గుపడి గెడ్డం దాకా మునిగిపోయాయి.

బంగారయ్య సాయంత్రం దాకా నెమరు వేసి, "కెమెరాలు పెడదాం. పేరమ్మ చెప్పినట్టు పెడదాం" అన్నాడు.

పేరమ్మ చెప్పినవి మరీ పెద్ద షరతులేం కావు. కెమెరా వీధినే చూడాలి గానీ ఎవరి గూటినీ, గుహనీ చూడకూడదు. ప్రతి స్తంభం కిందా ఇక్కడ కెమెరా ఉందని బోర్డు పెట్టాలి. బొమ్మ చూడాలనుకున్నవాడు ఎందుకో రాసి దరఖాస్తు ఇవ్వాలి, సాక్షి ముందే చూడాలి. అవసరం తీరిన బొమ్మని అమావాస్యకల్లా చెరిపెయ్యాలి. ఎవరిదైనా తప్పు తేలేదాకా వాళ్ల ముఖం ఊరికి చూపించకూడదు.

"ఇన్ని షరతులుంటే దొంగ పడతాడా మామ్మా?" అన్నాడు గవర్రాజు చిరాగ్గా.

"షరతులు లేకపోతే మనమే దొంగలమవుతాం బాబూ."

కోతి పోలినాయుడు పట్నం వెళ్లి నాలుగు కెమెరాలూ, ఒక తెరా మోసుకొచ్చాడు. రసీదు ఏదని పేరమ్మ అడిగితే అరటితొక్క ఇచ్చాడు. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, "సంతకం లేదు" అని రాసి ఫైల్లో పెట్టుకుంది. సంతలో ఒకటి, నీళ్ల రేవులో ఒకటి, ఏరు దాటే చోట మూడోది, బాట మలుపులో నాలుగోది బిగించారు. తెర మాత్రం పాడుబడ్డ పంపుషెడ్డులో పెట్టి, దాని ముందు పేరమ్మని కూర్చోబెట్టారు.

మొదటి దరఖాస్తు నెమలిది. సంతలో తను నాట్యం చేసిన బొమ్మ తనకి చూపించమని. తన బొమ్మ తను చూసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది కాబట్టి పేరమ్మ కాదనలేకపోయింది. అయితే ఆ బొమ్మలో నెమలి వెనక మేక బేరమాడుతోంది, పంది ఒళ్లు గోక్కుంటోంది. వాళ్లని నెమలికి చూపించడం ధర్మం కాదు. పేరమ్మ ఆలోచించి, గుప్పెడు బురద తెచ్చి తెర మీద మేకకీ పందికీ రాసేసింది. నెమలికి తన తోక తప్ప ఇంకేం కనబడలేదు. దానికి కావలసిందీ అంతే. మర్నాడు మళ్లీ దరఖాస్తు పెట్టింది.

కెమెరాలు వచ్చాక సంతలో గుడ్లు పోవడం ఆగింది. ఊరు సంతోషించింది. ఒక్క గవర్రాజు మాత్రం రోజురోజుకీ చిక్కిపోయాడు. ఎందుకు చిక్కుతున్నాడో ఎవరికీ తట్టలేదు. సంతలో గుడ్లు తిన్నది అతనే. కెమెరాలు పెడితే ఆ తెర తన చేతికే వస్తుందనీ, ఎవరి గూడు ఎప్పుడు ఖాళీయో కూర్చున్నచోటే తెలుస్తుందనీ లెక్కేసుకున్నాడు. తీరా చూస్తే దాని ముందు తాబేలు కూర్చుంది.

ఒక సోమవారం పొద్దున్న పేరమ్మ తెర వంక చూసి ఉలిక్కిపడింది. మూడో కెమెరాలో ఏరు లేదు. గడ్డిమేటు ఉంది, మేటులో గూడు ఉంది, గూట్లో కోడి సింహాచలమ్మ తొమ్మిది గుడ్ల మీద కూర్చుని నిద్రకి తూగుతోంది.

పేరమ్మ గబుక్కున బురద తీసి తెర మీద కొట్టింది. నూటపదేళ్లలో ఆవిడ గబుక్కున చేసిన పని అదొక్కటే. 'నా కాపలాలో ఒక తల్లి గూడు బయటపడింది' అనుకుంది. ముందు సర్పంచికి చెప్పాలా, కోతిని నిలదియ్యాలా అని ఒక్క క్షణం ఆలోచించి, ముందు చెప్పాల్సింది గూడు గలదానికే అని బయల్దేరింది. గడ్డిమేటు షెడ్డుకి నలభై అడుగులు. పొద్దు తిరిగేసరికి చేరింది.

"సింహాచలం, పంచాయతీ వల్ల తప్పు జరిగిందమ్మా. ఎవరో కెమెరా నీ గూటి మీదికి తిప్పారు."

కోడి ఈకలన్నీ నిక్కబొడిచింది. "ఏటీ! నా గూడు నలుగురూ చూశారా?"

"నేనొక్కదాన్నే. రెండు రెప్పపాట్లు. ఆ వెంటనే బురద రాసేశాను. నువ్వు ఊ అంటే ఇప్పుడే కెమెరా ఏటి వైపు తిప్పించేస్తాను."

సింహాచలమ్మ కోపం దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక బుర్ర పనిచేసింది. "నా గుడ్ల మీద కన్నెవరిదో నాకు తెలీదా మామ్మా? ఇప్పుడు తిప్పేస్తే వాడింకో దారి వెతుక్కుంటాడు. అలాగే ఉండనీ."

"నీ గూడు మీద కెమెరా ఉండాలంటే నీ నోటితో సరేననాలి, సర్పంచి ముద్ర పడాలి. దొంగని పట్టడానికైనా దొంగచాటుగా చూడను నేను."

"నా గూడు నా ఇష్టం. సరేనంటున్నాను. మామ్మా, నువ్వు నడిస్తే ముద్ర పడేసరికి నా పిల్లలు తాతలైపోతారు. నేనెళ్లొస్తాను" అని కోడి ఒక్క పరుగున పోయి ఎద్దుని వెంటబెట్టుకొచ్చింది. బంగారయ్య చీకటి పడే దాకా నెమరు వేసి, డెక్కతో ముద్ర వేశాడు. "వారం రోజులే" అని కూడా రాయించాడు.

మంగళవారం మధ్యాహ్నం దాటాక గవర్రాజు దరఖాస్తు పట్టుకుని రానే వచ్చాడు. "ఏరు దాటుతుంటే నా తోకవెంట్రుక ఒకటి జారిపోయింది మామ్మా. మా తాత ఇచ్చిన తోక. మూడో కెమెరా బొమ్మ చూడాలి."

"ఎప్పుడు పోయింది?"

"ఇవాళే, మిట్టమధ్యాహ్నం."

"సరే. శుక్రవారం రా. ఇవాళ మధ్యాహ్నం బొమ్మ చూపిస్తాను."

"శుక్రవారమా! ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"నిదానమే ప్రధానం అన్నదీ వాళ్లే బాబూ. నీ కాగితం మీద సర్పంచి ముద్ర పడాలి. నేను వెళ్లడానికి ఒకటిన్నర రోజు, రావడానికి ఒకటిన్నర రోజు."

గవర్రాజు పళ్లు కొరుక్కుంటూ వెళ్లాడు. ఆ కబురు పేరమ్మ ద్వారా విని, ఆ సాయంత్రమే సింహాచలమ్మ తొమ్మిది గుడ్లనీ గేదెల పాకలోకి మార్చింది. ఖాళీ గూటిని ముళ్లపంది దాలయ్యకి ఇచ్చింది. దాలయ్య రాత్రంతా తిరిగి పగలంతా పడుకునే రకం. మెత్తటి గడ్డి దొరికితే ఎందుకిచ్చావని కూడా అడగడు. పొర్లి, గడ్డి కప్పుకుని గుర్రుపెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం గవర్రాజు షెడ్డులో అడుగుపెట్టేసరికి సాక్షిగా సింహాచలమ్మే కూర్చుని ఉంది.

"ఏం సింహాచలమ్మా, నువ్విక్కడున్నావేం?"

"సాక్షి సంతకానికి రమ్మన్నారు బాబూ. సాయంత్రం దాకా కదలకూడదంట."

నక్క నోట్లో నీళ్లూరాయి. సింహాచలమ్మ ఊ అన్నాక, పేరమ్మ గూటికి బురద రాయకుండానే బొమ్మ పెట్టింది. "ఇది మంగళవారం మధ్యాహ్నం బొమ్మ" అని గట్టిగా చదివింది. తెర పైన తేదీ వేలెడంత అక్షరాల్లో వెలుగుతోంది. గవర్రాజు ఆ అక్షరాలు చూడలేదు, ఆ మాట వినలేదు. అతని కళ్లు గూటికి అతుక్కుపోయాయి. తెర మీద కోడి లేచింది, రెక్కలు దులుపుకుంది, ధూళిస్నానానికి వెళ్లింది. గూట్లో తొమ్మిది గుడ్లు తెల్లగా మెరుస్తున్నాయి.

"అరె, ఏరు కనబడదేం? గాలికి కెమెరా తిరిగినట్టుంది" అన్నాడు.

"అలాగే ఉంది బాబూ. ఇది మంగళవారం బొమ్మ సుమా" అని పేరమ్మ మళ్లీ చెప్పింది.

"ఔనౌను. నాకు వేరే పనుంది" అంటూ ఒక్క గెంతున బయటపడ్డాడు. కోడి చూస్తే ఇక్కడ, గుడ్లు చూస్తే అక్కడ. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా?

గడ్డిమేటు వైపు నుంచి వచ్చిన కేక ఏటికి ఆవలి గట్టున పడుకున్న కొంగలని కూడా లేపింది.

ఆదివారం సభ పెట్టారు. సింహాచలమ్మ గూట్లో ఎవరో చొరబడ్డారని బంగారయ్య చెప్పాడు. పంచాయతీ దగ్గర బొమ్మ ఉందన్నాడు. గవర్రాజు ఉపసర్పంచి ఆసనంలోనే కూర్చున్నాడు, మూతి చుట్టూ అరిటాకు కట్టుకుని. "పన్ను పీకించుకున్నాను" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతున్నాడు.

బొమ్మ మొదలైంది. పేరమ్మ బురదచేత్తో తెర పక్కన నిలబడింది. తప్పు తేలలేదు కాబట్టి వచ్చినవాడికి తల నుంచి తోకదాకా బురద రాసింది. గూటికీ నిండా రాసింది. కానీ ఆ వచ్చినవాడు ఎగిరాడు, దొర్లాడు, మేటు చుట్టూ ఏడుసార్లు తిరిగాడు. అతను ఎటు పోతే అటు ఆవిడ నిదానంగా బురద పూసుకుంటూ పోయింది. చివరికి తెరలో బురద తప్ప మరేం మిగల్లేదు. ఊరంతా కళ్లార్పకుండా ఆ బురదనే చూసింది.

"ఎవరై ఉంటారబ్బా?" అంది మేక.

"బాగా పొడుగ్గా ఉన్నాడు" అంది పంది, ఒక బురద చారిక చూపిస్తూ.

గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. ధైర్యం కూడా లేచొచ్చింది. అరిటాకు సర్దుకుని లేచాడు.

"ఎవడో పరాయి ఊరివాడు, పోన్లెండి. అసలు తప్పు ఆ సింహాచలమ్మది! ఊరికి ఒక మాట చెప్పకుండా, ఒక బోర్డు పెట్టకుండా, గూట్లో ముళ్లపందిని పడుకోబెట్టడమేమిటి? ఏ పెద్దమనిషైనా పొరపాటున మూతి పెడితే ఏమైపోవాలి?"

బంగారయ్య నెమరు ఆపేశాడు. ఆయన నెమరు ఆపడం ఊరు మొదటిసారి చూసింది.

"ముళ్లపందా బాబూ?" అంది పేరమ్మ మెల్లగా. "ఎక్కడుంది? నిద్రపోయే ప్రాణి కదా, దాన్ని అడగలేదని గూడంతా బురద రాశాను. గూట్లో ముళ్లపంది ఉందని నాకూ, సింహాచలానికీ, అందులో పడుకున్నదానికీ తప్ప ఇంకెవరికీ తెలీదే."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నక్క చెయ్యి మూతి మీదికి పోయింది. పక్కనున్న గేదె అరిటాకు లాగేసింది. మూతి పనసకాయంత వాచి ఉంది. కింది పెదవిలో ఒక ముల్లు ఇంకా నిలబడే ఉంది.

"నాది!" అని వెనక నుంచి దాలయ్య నిద్రగొంతుతో అన్నాడు. "వెతుక్కుంటున్నాను."

కోతి పోలినాయుడు ఇక ఆగలేకపోయాడు. "నాకేం తెలీదు బాబోయ్! ఆరు జామకాయలిచ్చి కెమెరా తిప్పమన్నాడు. గడ్డి బాగా పెరుగుతోందో లేదో చూడాలన్నాడు!"

కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటామని ఊరు ఒక్క గొంతుతో అరిచింది. ఆ పొద్దే గవర్రాజు పదవి ఊడింది. నెల రోజులు కెమెరా స్తంభాల జోలికి వెళ్లకూడదని కోతికి శిక్ష పడింది. నక్క సంచీ సర్దుకుని, నీళ్లు తాగడానికి కూడా నోరు తెరవలేక, ఏరు దాటి వెళ్లిపోయాడు.

జనంలో ఒక మేకపోతు ఉత్సాహం పట్టలేక అరిచాడు. "అయితే ప్రతి గూటికీ ఒక కెమెరా పెట్టేద్దాం!"

సింహాచలమ్మ అప్పుడే గేదెల పాక నుంచి పొదిగిన పిల్లలతో వస్తోంది. తొమ్మిది పిల్లలూ ఆవిడ కాళ్ల సందుల్లోంచి తొంగిచూస్తున్నాయి.

"నా గూటికి ఉన్నదే తీసెయ్యండి" అంది. "పిల్లలు పడుకోవాలి."

పేరమ్మ అదే పొద్దు మూడో కెమెరాని ఏటి వైపు తిప్పించింది. తీర్పు పుస్తకంలోకి ఎక్కగానే గూటి బొమ్మనీ, నక్క బొమ్మనీ కూడా చెరిపేసి, చేతులు కడుక్కుని, తలని ఇంట్లోకి లాక్కుని పడుకుంది.

నీతి: వీధిని కాసే కన్ను కాపలా కన్ను, ఇంట్లోకి తొంగిచూసే కన్ను దొంగ కన్ను.