చిలకమ్మ మాత్రల తేదీ

ఆ ఉదయం త్రివిక్రమ్ జపానికి కూర్చోలేకపోయాడు. కళ్లు మూస్తే చాలు, తేదీలే కనిపిస్తున్నాయి.

కొండల కింద పూర్ణబోధస్వామి ఆశ్రమంలో ఒక ఉచిత వైద్యశాల ఉంది. అక్కడ మూర్ఛరోగులకు నెలనెలా మాత్రలిస్తారు. ఎవరి మాత్రలు ఏ రోజుకు అయిపోతాయో కంప్యూటర్లో ఎక్కించే పని త్రివిక్రమ్‌ది. పొద్దున్నే క్వెరీ నడిపితే, అంటే కంప్యూటర్ని జాబితా అడిగితే, ఆ రోజు కబురు పంపాల్సినవాళ్ల పేర్లు వచ్చేవి.

డాక్టరుగారు తేదీలో నెల ముందుండాలన్నారు. మందులిచ్చే సిస్టరు రోజే ముందుండాలంది. కబురు మోసేవాళ్లకి వారం పేరు, పొద్దున్నో సాయంత్రమో కావాలి. త్రివిక్రమ్ ఎవరినీ కాదనలేదు. అడిగినప్పుడల్లా, లోపల దాచిన తేదీలనే వాళ్లు కోరిన వరుసలోకి తిప్పి, మామూలు అక్షరాలుగా రాసేశాడు. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాడు కూడా.

ఇప్పుడు ఐదు, ఆరు అని ఉన్నచోట అది జూన్ ఐదో, మే ఆరో అతనికే తెలియదు. మూర్ఛరోగి చిలకమ్మ పేరు రావలసిన రోజున రానేలేదు. ఆ సంగతి సిస్టరు నిన్న కనిపెట్టింది.

"స్వామీ, ఏ పద్ధతి సరైనదో మీరే చెప్పండి. అందరినీ దానికే ఒప్పిస్తాను" అన్నాడు, నిలువుకాళ్ల మీదే.

స్వామి లేచారు. మాత్రల పొట్లం సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు.

"చిలకమ్మ ఊరికి వెళ్దాం, పద."

త్రివిక్రమ్ ముందుకు పరుగులాంటి నడక నడిచేవాడు. స్వామి వెనకబడితే ఆగి, ఫోను తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టేవాడు.

జీడితోట దగ్గర ఒక రైతు చేతులు జోడించి, "దండాలు స్వామీ" అన్నాడు. స్వామి "ఆఁ" అని పలికారు. గెడ్డ నీళ్లలో బట్టలుతుకుతున్న అమ్మాయి, "మాస్టారూ, మా తమ్ముడు పాసయ్యాడు" అంది. ఒకప్పుడు ఆమెకు స్వామి లెక్కలు చెప్పారు. ఆమెకూ "ఆఁ" అన్నారు. ఊరి మొదట్లో చేట పట్టుకుని కూర్చున్న ముసలమ్మ తలెత్తింది.

"ఒరే సన్నాసీ, ఇంత ఎండలో ఎక్కడికిరా?"

త్రివిక్రమ్ ఉలిక్కిపడ్డాడు. సన్యాసం తీసుకోకముందు స్వామి పేరు సన్యాసిరావని అతనికి తెలియదు.

"ఆఁ, చిలకమ్మింటికి, అప్పా" అన్నారు స్వామి, అక్కని పిలిచినట్టు.

కొంచెం దూరం పోయాక త్రివిక్రమ్ ఉండబట్టలేకపోయాడు. "ఆవిడ మిమ్మల్ని అలా పిలిచిందేమిటి?"

"ఆవిడకి తెలిసిన పేరు అదే. పలికింది నేనే కదా?"

చిలకమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. నిన్న పొయ్యి దగ్గర మూర్ఛ వచ్చి, చెయ్యి కాలిందట.

"మాత్రలైపోనాయి బాబూ. మీరు పిలుస్తారని సూసినాను" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు త్రివిక్రమ్. పొట్లం విప్పి ఆమె ఎడమచేతిలో పెట్టాడు.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగింది చిలకమ్మ.

అతను ఫోన్లో ఈ మాత్రలైపోయే తేదీ చూశాడు. చదవబోయి ఆగాడు.

"మీకేం గుర్తుంటుందమ్మా?"

"సంత గురుతుంటాది."

"అయితే వచ్చే నెల రెండో సంతనాడు రండి. ఎండెక్కకముందే."

"అలా సెప్పు" అంది చిలకమ్మ.

ఆశ్రమానికి రాగానే త్రివిక్రమ్ డాక్టరుగారి చీటీలు ముందేసుకుని ఒక్కొక్క తేదీనీ సరిదిద్దాడు. లోపల తేదీని తేదీగానే ఉంచాడు. నెల ముందా, రోజు ముందా, సంతా అన్నది క్వెరీలో, చదివేవాళ్లకి చూపించేచోట మాత్రమే రాశాడు.

పని ముగిసినా మనసు కుదుటపడలేదు. వచ్చి స్వామి ఎదుట నిలబడ్డాడు.

"ఆమె చెయ్యి మానేదాకా వంట ఆమె చెయ్యకూడదు. రేపటి నుంచి అన్నం నువ్వు పట్టుకెళ్లు" అన్నారు స్వామి.

"ఎన్ని గంటలకి, స్వామీ?"

"ఆమె పొయ్యి వెలిగించకముందు."