సుంకులమ్మ తేట

మీ తాతల తాతకు పాలపళ్ళయినా రాలని కాలం మాట. ఊఁ కొడుతుండండి, కొట్టకపోతే ఆపేస్తా. అనగనగా నాపరాళ్ళపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో సుంకులమ్మ అని, ఇళ్ళల్లో అంట్లు తోముకుని బతికే ముసలమ్మ.

ఊరికంతా ఒకటే బావి. మూడేళ్ళు రాయి పగలగొట్టి తవ్విన బావి. నీళ్ళు అద్దంలా ఉండేవి. వాటిని చూసుకుని ఊరు ఊరంతా మురిసిపోయేది. అయితే అక్కడ తలంటుకుంటే నురగ రాదు. కుంకుళ్ళు పుచ్చువి అనేవాళ్ళు. కుండలో తెల్లగా పొర కడుతుంది. కుమ్మరి మోసం చేశాడు అనేవాళ్ళు. పప్పు ఉడకదు. కోడలి చెయ్యి మంచిది కాదు అనేవాళ్ళు. కుంకుళ్ళను తిట్టారు, కుమ్మరిని తిట్టారు, కోడలిని తిట్టారు. నీళ్ళను మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు!

పైగా ఆ ఊరికి ఒక పట్టింపు. కొత్త కోడలు వచ్చిన మూడో రోజు పెద్దలకు కందిపప్పు వండి పెట్టాలి. పప్పుగుత్తి కింద అది మెదగకపోతే, "వంట నేర్చుకుని రా" అని ఏడాది పాటు పుట్టింటికి పంపేవాళ్ళు. ఎవరికి మెదిగింది గనక! అందరూ పోయొచ్చినవాళ్ళే. వచ్చాక మళ్ళీ ఆ పలుకు పప్పే వండేవాళ్ళు, ఆ పలుకు పప్పే తినేవాళ్ళు. కొందరైతే తిరిగి రానేలేదు.

సుంకులమ్మ గుడిసెలో మాత్రం పప్పు వెన్నలా ఉడికేది. బావి గిలక ఆమెను ముట్టనిచ్చేవాళ్ళు కాదు. అందుకని పెద్దింటి తిమ్మక్క దొడ్లో స్నానాలయ్యాక కాగులో మిగిలిన నీళ్ళు తెచ్చుకునేది. పొద్దున మరిగి సాయంత్రానికి చల్లారిన నీళ్ళవి. మర్నాడు అదే కాగు తోముతూ, అడుగున పట్టిన తెల్లటి పెచ్చులు గీకేది.

తిమ్మక్కకు ముగ్గురు కొడుకులు. పెద్దకోడలి పప్పు మెదగలేదు, పుట్టింటికి పంపారు. సుంకులమ్మకు అప్పటికింకా ఏమీ తెలియదు. రెండో కోడలి పప్పు మెదగలేదు, పుట్టింటికి పంపారు. కాగు అడుగున ఆ పెచ్చులు గీకీ గీకీ సుంకులమ్మకు అప్పటికి సంగతి తెలిసిపోయింది. అంట్లు తోమేదాని మాట ఎవరు వింటారులే అని నోరు మూసుకుంది. పెద్దకోడలు ఏడాదికి వచ్చింది గానీ, రెండో కోడలు రాలేదు. ఆ తర్వాత సుంకులమ్మకు తిన్న పప్పు గొంతు దిగేది కాదు.

మూడో కోడలు ఈరమ్మ వచ్చింది. మూడో రోజు పప్పు ఎక్కించింది. మధ్యాహ్నం దాకా మంట పెట్టింది. గుత్తి వేస్తే పలుకులు పటపటమన్నాయి.

"రేపు బండి కట్టించండి," అంది తిమ్మక్క.

ఈరమ్మ దొడ్లోకొచ్చి అంట్ల దగ్గర కూలబడింది. "అవ్వా, నాకు అమ్మ లేదు, నాయన లేడు. మా మేనత్త గడప తొక్కనియ్యదు. నేనేడికి పోయేది?"

సుంకులమ్మ చేతిలో పీచు విసిరికొట్టి, వంటింటి గుమ్మం దాకా నడిచింది.

"తిమ్మక్కా, తప్పు పిల్లది కాదమ్మా. మీ బావిది."

"ఏందీ! బావిదా? నువ్వు నాకు చెప్పొస్తివా?"

"చెప్పేదానికే వస్తిని. రేపు ఇంకొక్కసారి వండనియ్యి. మెదక్కపోతే ఆ బండిలో నన్నూ ఎక్కించు. మళ్ళీ ఈ ఊళ్ళో అడుగు పెడితే ఒట్టు."

పెద్దలు పకపకా నవ్వి, ముసలిదాని ముచ్చట తీరనిమ్మన్నారు.

తెల్లారింది. బండి వాకిట్లో నిలబడింది. ఈరమ్మ పొయ్యి ముట్టించింది. సుంకులమ్మ గుమ్మం అవతలి నుంచే చెబుతోంది.

"ముందు ఒట్టి నీళ్ళు పెట్టు తల్లీ. సలసలా తెర్లనియ్యి. దించి చల్లారనియ్యి. కదపొద్దు, కదపొద్దు, కదపొద్దు! పైతేట మెల్లగా వంచుకో. ఇప్పుడెయ్యి పప్పు."

ఊరంతా వాకిట్లోనే ఉంది. ఎసరు పొంగింది. పప్పు పగిలింది. ఈరమ్మ గుత్తి వేసి ఒక్క తిప్పు తిప్పింది. అంతే! మెత్తగా కలిసిపోయింది. ఈరమ్మ పప్పుగుత్తి పట్టుకునే గంతులేసింది.

తిమ్మక్క వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. "ఎట్లనే ఇది?"

సుంకులమ్మ నీళ్ళు కాచిన కుండ తెప్పించి, అడుగున దిగిన తెల్లటి మడ్డి చూపించింది. "ఇదమ్మా మీ బావిలో రాయి. మూడేళ్ళు పగలగొట్టినా పోలేదు, నీళ్ళలోనే ఉంది. కాస్తే అడుక్కి దిగుతాది."

తిమ్మక్క అక్కడే చతికిలబడింది. "నన్నూ పంపినారే, సుంకులూ. ఏడాది పాటు మా అమ్మ ముందర తలెత్తలేకపోతిని. అయితే నా చెయ్యి మంచిదేనా?"

"బంగారంలాంటి చెయ్యమ్మా."

తిమ్మక్క భోరుమంది. కళ్ళు తుడుచుకుని లేచింది. కట్టిన బండి విప్పనివ్వలేదు. తానే ఎక్కి పోయి, రెండో కోడలి కాళ్ళావేళ్ళా పడి వెంటబెట్టుకొచ్చింది. ఆ వారం ఊళ్ళో ఏ ఆడపిల్ల తల చూసినా నురగే నురగ! కుమ్మరికి మాత్రం తప్పయిందని ఎవరూ చెప్పలేదనుకోండి.

సుంకులమ్మ నిండు వయసులో పోయింది. ఆమెకు చివరి స్నానం బావి నీళ్ళతోనే. ఆ నీళ్ళు గిలక లాగి తోడింది ముగ్గురు కోడళ్ళు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కాచి తేర్చిన నీళ్ళను సుంకులమ్మ తేట అంటారు. కొత్త కోడలు వస్తే ఆ తేట వంచి చేతికిచ్చేది అత్తగారే. మెదిగిన పప్పులో మొదటి గరిటె పెద్దలకు పోదు. అంట్లు తోమే మనిషిని వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, కోడలే వేడివేడిగా వడ్డిస్తుంది. ఆమె తిని లేచాకే మిగతావాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుంటారు.