రత్నంగారి క్యాచ్

నిండుసభలో ఒక వృద్ధ పండితుడు పద్యంలో పాదం తప్పగా, శేషశాయి లేచి దిద్దాడు. పాఠం శుద్ధమైంది, ఆ వృద్ధుడు మాత్రం మిగిలిన పద్యం చదువలేక కూర్చుండిపోయాడు. మరునాడు శేషశాయి తన గురువు వరదాచార్యులవారిని, "స్వామీ, తెలిసికూడా తప్పును సహించడం విద్యకు ద్రోహం కాదా?" అని అడిగాడు.

ఆచార్యులవారికి వాదించే అలవాటు లేదు. క్రికెట్ అంటే మాత్రం మక్కువ మెండు. ఆయన చెప్పిన ఉదంతం ఇది.

కాకినాడలో కాశీపతి అనే విశ్రాంత తపాలా ఉద్యోగి ఉండేవాడు. సాయంత్రం కాగానే ఆటస్థలపు గ్యాలరీ మెట్లమీద పాత అభిమానులు చేరేవారు. ఏ ఏడు ఏ జట్టు గెలిచింది, ఎవరి బంతికి ఎవరు వెనుదిరిగారు అన్న ముచ్చటే వారికి సంధ్యావందనం. అక్కడ ఒక కట్టడి ఉండేది: తప్పు చెప్పినవాడు మెట్టు దిగి నిలబడాలి, మరొకరి తప్పు పట్టినప్పుడే తిరిగి కూర్చోవాలి.

ఒకనాడు డేవిడ్ రత్నంగారిని ఆయన కూతురు చేయిపట్టి అక్కడికి తీసుకువచ్చింది. ఆయన పూర్వం ఆ ఊరి జట్టుకు ఆడారు; కాశీపతి బాల్యంనుంచీ ఆరాధించిన ఆటగాడు ఆయనే. కాశీపతి పులకించి, తన కండువాతో మెట్టు తుడిచి కూర్చోబెట్టాడు.

"ఏమండోయ్, ఇన్నేళ్లలో మాకొక్కనాడైనా తుడిచారా?" అని మిత్రుడు అప్పలస్వామి మేలమాడాడు.

"మీరేం పట్టారని తుడవాలి? బంతి సరే, ఇంట్లో పిల్లినైనా పట్టలేదు!"

అందరూ నవ్వారు. రత్నంగారు దోసిలి పైకెత్తి, "బందరు జట్టుతో ఫైనల్. చివరి బంతి ఆకాశానికి లేచింది. సూర్యుడు కళ్లలో పడుతున్నాడు. అయినా ఈ చేతులతోనే పట్టాను" అన్నారు. ముఖం వెలిగిపోయింది.

కాశీపతి ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. "మీ చేతుల్లో పడి ఎగిరిందండీ! పట్టింది పక్కనున్న గవర్రాజు. దిగండి రత్నంగారూ, ఎంతటివారికైనా ఇక్కడ ఇదే శిక్ష!"

రత్నంగారు నవ్వుతూనే దిగి నిలబడ్డారు. ఆయనను త్వరగా కూర్చోబెట్టాలని అప్పలస్వామి కావాలనే తప్పు చెప్పాడు: "ఆ ఫైనల్ వానకు ఆగిపోయింది కదండీ?"

రత్నంగారు అతనివంక అయోమయంగా చూశారు. "అలాగా?" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. కూతురు మెల్లగా, "నాన్నగారికి ఆ క్యాచ్ ఒక్కటే గుర్తుందండీ. నా పేరు కూడా నేనే చెప్పాలి" అంది.

కాశీపతి గబగబా దిగి ఆ వృద్ధుని చేతులు పట్టుకున్నాడు. "నాదే పొరపాటు. పట్టింది మీరే, నేను కళ్లారా చూశాను."

"లేదు లేదు, మీకు బాగా తెలుసు" అని రత్నంగారు మర్యాదగా తల ఊపారు. "పట్టింది గవర్రాజు." దోసిలి విప్పి, అరచేతులను పరాయివాటిలా చూసుకున్నారు.

ఆచార్యులవారు ఉదంతం అంతటితో ముగించారు. శేషశాయి, "కానీ స్వామీ, కాశీపతి చెప్పింది నిజమే కదా?" అన్నాడు.

"నిజమే నాయనా" అన్నారు ఆచార్యులవారు. "ఇప్పుడది రత్నంగారికి కూడా తెలుసు."