వట్టివేళ్ల కుండ

"భక్తితో చేసిన పనిని కూడా పరీక్షకు పెట్టాలా అమ్మా?" అని అడిగింది ఆశ్రమంలో సేవ చేసే తులజ.

ప్రశ్న అడిగినవాళ్లకి పని అప్పజెప్పడం విమలాంబగారి అలవాటు. ఏటి ఒడ్డున ఆ ఆశ్రమాన్నీ, అందులోని చిన్న ప్రసూతి ఆసుపత్రినీ నడిపే డాక్టరమ్మ ఆవిడే. అప్పటికి అక్కడి పసికందుల వీపుల మీద చీముపొక్కులు లేస్తున్నాయి. ఒక ఆడపిల్లకైతే జ్వరం కూడా పట్టుకుంది. అందరి వేళ్లూ దుప్పట్లు ఉతికే ఎల్లాజీ వైపే.

"ఉతుకు దగ్గర్నుంచి పక్క మీద పరిచేదాకా, ఒక్కో మజిలీలో ఒక్కో దుప్పటి తీసి పరీక్ష పళ్లెంలో అద్దు. క్రిములుంటే రేపటికి చుక్కలై మొలుస్తాయి" అన్నారు అమ్మగారు.

తులజకి ఇలాంటివంటే ప్రాణం. ఆ రోజే అన్నీ అద్ది, క్రిములు మొలిచేందుకు రాత్రంతా వెచ్చటి పెట్టెలో ఉంచింది. మర్నాడు తెల్లారగానే ఆ పళ్లేలు తీసుకుని లాండ్రీలోకి ఒకటే పరుగు. మరిగే నీళ్లలోంచి తీసిన దుప్పటి పళ్లెం ఒక్క చుక్కా లేకుండా అద్దంలా ఉంది. ఆరబెట్టే మిషన్‌లోంచి తీసినదీ అంతే.

"గెలిచావు బాబాయ్! నీ ఉతుకు నిప్పు!"

"నే మొత్తుకుంటే ఎవరిన్నారమ్మా? గాజుపళ్లెం చెబితే గానీ నమ్మరు" అని ఎల్లాజీ మీసం దువ్వాడు. "ఇంతకీ ఆ మూడోది ఏమంటోంది?"

మూడోది మడతపెట్టిన దుప్పటిది. మూతలోంచి చూస్తే ఆవాలు జల్లినట్టు పసుపచ్చటి చుక్కలు. "దొరికింది!" అని ఎగిరి గంతేసింది తులజ. కాలు నేలకి ఆనేసరికి మొహం పాలిపోయింది. ఆరాక, మడతకి ముందు, ఆ దుప్పట్లను ముట్టేది తానొక్కతే. పిల్లలు చల్లగా, కమ్మగా నిద్రపోవాలని జపం చేసుకుంటూ కుండలోని వట్టివేళ్ల నీళ్లు చిలకరించేది. పవిత్రమైన నీళ్లు పారబొయ్యకూడదని, తరిగినప్పుడల్లా పైన పోసేదే తప్ప కుండ ఏనాడూ కడగలేదు. ఇప్పుడు చెయ్యి పెట్టి చూస్తే లోపలంతా జిగట, జారుడు.

ఆ పూటే దుప్పట్లన్నీ మళ్లీ మరుగుకెక్కాయి. అమ్మగారు వచ్చేసరికి కుండ పెరట్లో బోర్లా పడి ఉంది. తులజ చేతులు వెనక్కి దాచుకుని నిలబడింది.

"పట్టేశానమ్మా!" అంది, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "దొంగ నేనే. ఈ పాపిష్టి చేతులతో ఇక దుప్పట్లు ముట్టను."

"చేతుల్ని తిట్టకు, కడుగు" అన్నారు విమలాంబగారు. "ఆ జ్వరం పిల్లకి పక్క మార్చాలి."